గుండు టైరే మేలు: భిలాయి కారు యజమానులకు తొమ్మిది చిట్కాలు

1959 ఫిబ్రవరిలో ఉక్కు ప్లాంటులో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ మొదలైన కాలం నుంచి శ్రీకాకుళం, విజయనగరం వైపు మనవాళ్లు భిలాయికి వస్తూనే ఉన్నారు. తాతలు సైకిల్ మీద డ్యూటీకి వెళ్లారు, నాన్నలు స్కూటర్ మీద వెళ్లారు, మనం కారు కొన్నాం. కొన్న నాలుగైదేళ్లకి అందరికీ వచ్చే కష్టమే ఇప్పుడు మీకూ వచ్చింది. టైర్లు అరిగాయి. సుపేలాలోనో పవర్ హౌస్‌లోనో షాపు ముందు బండి ఆపితే కుర్రాడు టైరు తడిమి చూసి రెండు ధరలు చెబుతాడు. ఒకటి మామూలుది, ఇంకోటి ప్రీమియం. నాలుగింటికీ కలిపి తేడా పది వేలు అనుకుందాం. ఆ పది వేలు తగలేయాలంటే ఎలా తగలేయాలో, మిగుల్చుకోవాలంటే ఎలా మిగుల్చుకోవాలో రెండు విద్యలూ కింద ఉన్నాయి. సెక్టార్ల పార్కు బెంచీల మీద ఏళ్ల తరబడి నలిగిన జ్ఞానం ఇది. ఉచితంగా పుచ్చుకోండి.

1. పేరు చూసి కొనండి

పేరు నోరు తిరగకపోతే ప్రీమియం, రోజూ వినేదైతే నాసిరకం. ఇంతకుమించి తెలుసుకుంటే అయోమయమే. ఎం.ఆర్.ఎఫ్. 1946లో మద్రాసులో పిల్లల బెలూన్లు చేస్తూ మొదలైంది. సియట్ మనదే అనుకుంటాం గానీ అది 1924లో ఇటలీలోని టురిన్‌లో పుట్టింది. మరి ఏది దేశీ, ఏది విదేశీ? ఒకే కంపెనీ చవకరకమూ ఖరీదురకమూ చేస్తుందని ఎవరైనా అంటే వినిపించుకోకండి. తడి రోడ్డు మీద పట్టు, దొర్లేటప్పటి నిరోధం, చప్పుడు ఈ మూడింటికీ కేంద్రం 2022లో నిబంధనలు తెచ్చిందని, మామూలు టైరూ వాటికి లోబడాల్సిందేనని చెప్పబోతే వెంటనే క్రికెట్ మాట ఎత్తండి. అక్కడా టైరు కంపెనీ పేరు బ్యాటు మీద కనిపిస్తుంది, మీ మాటే నెగ్గుతుంది.

2. పక్కనున్న అంకెలు చదవకండి

టైరు పక్కన 185/65 ఆర్ 15 88 హెచ్ అని ఏదో ఉంటుంది. 185 మిల్లీమీటర్ల వెడల్పట. పక్కగోడ ఎత్తు అందులో 65 శాతమట. 15 అంగుళాల రిమ్మట. 88 అంటే ఒక్కో టైరు 560 కిలోలు మోస్తుందట, హెచ్ అంటే గంటకు 210 కిలోమీటర్ల వేగం వరకు తట్టుకుంటుందట. జి.ఇ. రోడ్డు మీద ఆటోల మధ్య 210 ఎవరు పోతారు? కాబట్టి ఏ అక్షరమైనా ఫరవాలేదు. వెడల్పు మాత్రం రెండు సైజులు పెంచండి. సివిక్ సెంటర్ పార్కింగులో నలుగురూ తిరిగి చూస్తారు. స్టీరింగు బరువెక్కినా, మైలేజీ తగ్గినా, మలుపులో టైరు లోపలి ప్లాస్టిక్కును రాసుకున్నా అది ప్రీమియం చేసే చప్పుడే అనుకోండి.

3. పాత స్టాకు అడిగి తీసుకోండి

బియ్యం ఎంత పాతవైతే అన్నం అంత బాగుంటుంది. టైరూ అంతే. పక్కగోడ మీద చిన్న గడిలో నాలుగంకెలుంటాయి. 3521 అంటే 2021వ సంవత్సరం 35వ వారంలో తయారైందని అర్థం. షాపువాడు డిస్కౌంటు ఇస్తానని చెప్పి వెనక వరసలోంచి దుమ్ము దులిపి తెచ్చిన టైరు మీద ఆ అంకెల కోసం వెతికితే అతను నొచ్చుకుంటాడు. వెతకొద్దు. వాడకుండా ఉంచినా రబ్బరు గట్టిపడి సన్నటి బీటలు వేస్తుందని, అయిదేళ్లు దాటితే ఏటా పరీక్ష చేయించాలని, పదేళ్లు దాటితే అరగకపోయినా తీసేయాలని మిషెలిన్ లాంటి కంపెనీలు అంటాయి. అవి కొత్తవి అమ్ముకునేవాళ్ల మాటలు, మనకేల?

4. లెక్క వేసినా సగమే వేయండి

పది వేల తేడాను 40,000 కిలోమీటర్లకు పంచితే కిలోమీటరుకు 25 పైసలు పడుతుంది. 25 పైసల నాణెం 2011 జూన్ 30 తర్వాత చెల్లనే చెల్లదు. చెల్లని పైసలని వదిలేద్దామా? 40,000 సార్లు ఇవ్వాలి కదా, ఎందుకివ్వాలి? లెక్కలో రెండో సగం జోలికి పోకండి. వాన పడిన రోడ్డు మీద మంచి టైరు వేసిన బండి కొన్ని మీటర్లు ముందే ఆగుతుందని అంటారు. కొన్ని మీటర్లలో ఏముంది? మహా అయితే ఒక ఆవు, ఒక సైకిలు పట్టేంత చోటు.

5. తిరగని కారుకు ఎక్కువ మన్నే టైరు వేయించండి

ఇది పది వేలూ తగలేయదలచినవారికి. రిటైరయ్యారు, కారు శనివారం సెక్టార్ 5 బాలాజీ గుడికీ, ఆదివారం కూరగాయలకీ తప్ప గడప దాటదు. ఏడాదికి మూడు వేల కిలోమీటర్లు కూడా తిరగదు. అలాంటి బండికి లక్ష కిలోమీటర్లు వస్తుందన్న టైరే ఎంచుకోండి. 33 ఏళ్లు నడుస్తుంది. ఈలోగా ఎండకు పగిలిపోయినా గాడులు మాత్రం కొత్తగానే ఉంటాయి, మనవడికి అప్పగించవచ్చు. క్వార్టరు ముందు నీడ ఉందా, నెలల తరబడి బండి కదలకుండా ఒకే చోట నిలబడిందా అన్న ఆలోచన మీ స్థాయికి తగదు.

6. గాలి వేడి మీద చూపించండి

గాలి ఎంత ఉండాలో డ్రైవరు తలుపు దగ్గర స్టిక్కరు మీద ఉంటుంది, అదీ చల్లగా ఉన్న టైరుకు. అటు చూడకండి. మే నెల మధ్యాహ్నం, 45 డిగ్రీల ఎండలో దుర్గ్ దాకా వెళ్లొచ్చి నేరుగా గాలి కొట్టే చోట ఆపండి. వేడికి మీటరు మూడు నాలుగు పాయింట్లు ఎక్కువ చూపిస్తుంది. “జ్యాదా హై భయ్యా, నికాలో” అని ఆ ఎక్కువ గాలి తీయించండి. తెల్లారేసరికి టైరు చల్లబడి చతికిలబడుతుంది. అలా తక్కువ గాలితో నడిపితే పక్కగోడలు నలిగి, లోపల కాగి, ఒకనాడు హైవే మీద ఢామ్మంటుంది. అప్పుడు కంపెనీని తిట్టే హక్కు మీకు దక్కుతుంది, ప్రీమియం కొంటే తిట్టు కూడా ప్రీమియమే. నైట్రోజన్ కొట్టించుకున్నవాళ్లు ఇక జన్మలో గాలి చూడక్కర్లేదు. మామూలు గాలిలో 78 శాతం నైట్రోజనే ఉంది, తక్కిన 22 శాతం కోసం డబ్బు కడుతున్నారు, ఆ మాత్రం భరోసా ఉండాలి.

7. రెండే కొని ముందు వేయించండి

నాలుగు ఎందుకు? రెండు ప్రీమియం కొని ముందు చక్రాలకు వేయించండి, అరిగినవి వెనక్కి తోయండి. మీరు కూర్చునేది ముందే కదా, వెనక అత్తగారు కూర్చుంటారు. నిజానికి రెండే మారిస్తే కొత్తవి వెనకే వేయాలని టైరు కంపెనీలే చెబుతున్నాయి. తడిలో ముందు చక్రాలు జారితే బండి తిన్నగా పోతుంది, డ్రైవరుకు తెలుస్తుంది. వెనకవి జారితే బండి గిర్రున తిరుగుతుంది, తెలిసేసరికి ముఖం వచ్చిన దారివైపు ఉంటుంది. అదీ మంచిదే, అత్తగారికి ఊరు మళ్లీ చూసినట్టుంటుంది.

8. గుండు చేయించండి

గాడి లోపలికి వంగి చూస్తే అక్కడక్కడ అడ్డంగా చిన్న రబ్బరు గట్టు కనిపిస్తుంది. ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. పైరబ్బరు అరిగి ఆ గట్టుతో సమానమైతే టైరు పని అయిపోయిందని గుర్తు. మీరు మాత్రం అది ఫ్యాక్టరీలో పొరపాటున అతుక్కున్న రబ్బరనుకోండి. మన ప్లాంటులో 260 మీటర్ల పొడవైన పట్టాల ప్యానెళ్లు తయారవుతాయి. ఆ పట్టాకు గాడి ఉందా? దాని మీద పోయే చక్రానికి ఉందా? దేశమంతా దాని మీదే తిరగడం లేదూ! వేగంగా పోయే రైలు ఆగడానికి కిలోమీటరు దాకా పడుతుందంటారా, మీరూ కిలోమీటరు ముందు నుంచే హారన్ కొట్టుకుంటూ పొండి. రేసు కార్ల టైర్లూ నున్నగానే ఉంటాయి. చినుకు పడగానే వాళ్లు పరుగున వచ్చి గాడులున్నవి వేయించుకుంటారన్న సంగతి ఎవరికీ చెప్పకండి.

ఇంకొన్నాళ్లకు రబ్బరు కూడా పోయి తీగలు పైకి లేస్తాయి. రేడియల్ టైరు లోపల ఉక్కు బెల్టు ఉంటుంది. ఉక్కు ఊరివాళ్లం, ఉక్కు కనబడితే భయపడటమా? చేత్తో తడిమి గర్వించండి. గుచ్చుకుంటే టిటానస్ ఇంజెక్షనుకు సెక్టార్ 9 ఆసుపత్రి ఉండనే ఉంది.

9. ఆ టైర్లతోనే ఊరికి బయల్దేరండి

పై ఎనిమిదీ పాటించాక పరీక్ష రాయాలి కదా. జూలైలో ముసురు పట్టినప్పుడు ముహూర్తం పెట్టుకోండి. అయిదుగురు ఎక్కండి, డిక్కీలో బియ్యం బస్తా, పెళ్లి సామాను పెట్టండి, ఆ సామాను అడుగున స్టెప్నీని పూడ్చండి. దానికి గాలి కొట్టించి ఎన్నాళ్లయిందో గుర్తు చేసుకోకండి. కాంకేర్ దాటితే కేశ్కాల్ ఘాట్. జగదల్‌పూర్, జయపురం, కోరాపుట్ మీదుగా పోతే సుంకి నుంచి సాలూరుకు దిగే ఘాట్. దిగుడు, మలుపు, ఎదురుగా లారీ, రోడ్డు మీద పారే నీళ్లు. గాడులున్న టైరు ఆ నీటిని పక్కలకు చిమ్మి రోడ్డును పట్టుకుంటుంది. గుండు టైరు నీటి మీద తేలుతుంది. తేలినంతసేపూ స్టీరింగు ఎటు తిప్పినా, బ్రేకు ఎంత తొక్కినా బండికి పట్టదు. పది వేలు దండగా, పెట్టుబడా అన్న తగువు ఆ మలుపులో తేలిపోతుంది. సెక్టారు రోడ్ల మీదే తిరిగే బండికి సరైన సైజులో, కొత్త తేదీ ఉన్న మామూలు టైరు, నెలకోసారి గాలి చాలు. ఏటా ఈ ఘాట్లు దిగే బండికి మాత్రం తడిలో పట్టున్న టైరుకు పెట్టిన ఆ పది వేలు చవకే. ఇది చిట్కాలలో చేర్చదగినంత తెలివితక్కువ మాట కాదు కనుక నంబరు వేయలేదు.

అయినా వినం, పైవే పాటిస్తాం అనేవారికి ఒక్క మనవి. కారు వెనక అద్దం మీద ‘ఇది గుండు టైర్ల బండి’ అని తెలుగులోనూ హిందీలోనూ పెద్ద అక్షరాలతో రాయించుకోండి. మీ వెనకే పిల్లలతో ఊరికి పోయేవాళ్లం ఉంటాం, దూరం పాటిస్తాం.