దిగుడు వీరులు

కొండెక్కి వచ్చినవాళ్లు గొప్పలు చెప్పుకోవడం లోకంలో పాత సంగతే. గొయ్యిలోకి దిగి గొప్పలు చెప్పుకునే జాతి ఒకటి అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో వర్ధిల్లుతోంది. గ్రాండ్ కాన్యన్ దక్షిణపు అంచున పొద్దున కాఫీ తాగి, అడుగున పారే కొలరాడో నదిలో చేతులు కడుక్కుని, రాత్రి భోజనం వేళకు మళ్లీ పైకి వచ్చేస్తామన్నది వీళ్ల ప్రతిజ్ఞ. ఒక్క రోజులో. అదీ నడివేసవిలో, చేతిలో ఒక నీళ్ల సీసాతో.

ఈ పని చెయ్యొద్దని పార్కు వాళ్లు దారి మొదట్లోనే బోర్డులు పెట్టారు. వాటిలో ఒకదాని మీద ఎండకు కమిలిపోయి, మోకాళ్ల మీద కూలబడి వాంతి చేసుకుంటున్న మనిషి బొమ్మ ఉంటుంది. హెచ్చరిక బొమ్మల్లో మామూలుగా ముసలివాళ్లో చిన్నపిల్లలో ఉంటారు. ఇక్కడ ఉన్నది వయసులో ఉన్న దిట్టమైన కుర్రాడు. ఎందుకంటే రేంజర్లు ఎక్కువగా మోసుకురావలసి వస్తున్నది అలాంటివాళ్లనే. ఫీనిక్స్‌లో కాపురముండే మన తెలుగువాళ్లు ఊరినుంచి వచ్చిన అమ్మానాన్నలను వేసవి సెలవుల్లో ఇక్కడికి తీసుకొస్తుంటారు. మోకాళ్ల నొప్పుల పుణ్యమా అని పెద్దవాళ్లు అంచు మీదే ఆగి చెట్టు నీడన కూర్చుంటారు. బోర్డు పక్కన నిలబడి ఫోటో దిగి, ఆ తర్వాత లోయలోకి దిగేది కొడుకులూ అల్లుళ్లూ.

లెక్క తెలియక కాదు పాపం, లెక్క వాళ్లకు తలకిందులుగా ఎదురవుతుంది. బ్రైట్ ఏంజెల్ దారి 6,860 అడుగుల ఎత్తున మొదలై, నది పక్కనున్న విడిది దగ్గర 2,480 అడుగులకు చేరుతుంది. నిలువున 4,380 అడుగులు, నడక తొమ్మిదిన్నర మైళ్లు. అలిపిరి నుంచి 3,550 మెట్లెక్కి తిరుమల చేరినవాడు ఎక్కే ఎత్తుకు ఇది దాదాపు రెట్టింపు. పైగా అలిపిరిలో అలసట ముందు వస్తుంది, దర్శనం తర్వాత. వెయ్యో మెట్టు దగ్గర ఆయాసం వచ్చినవాడు చల్లగా కిందికి దిగిపోవచ్చు. కాన్యన్‌లో ఆ వెసులుబాటు లేదు. ఇక్కడ విష్ణువు అడుగున ఉన్నాడు. హాస్యానికి అంటున్న మాట కాదిది. నది ఒడ్డున కనిపించే, సుమారు 170 కోట్ల ఏళ్ల వయసున్న నల్లరాతికి భూగర్భ శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు విష్ణు షిస్ట్. క్లారెన్స్ డటన్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు 19వ శతాబ్దంలో అక్కడి శిఖరాలకు విష్ణు టెంపుల్, శివ టెంపుల్ అని పేర్లు పెట్టి వెళ్లాడు. మొత్తానికి ఇక్కడ ముందు దర్శనం, ఆపైన మొక్కు. మొక్కు తీర్చకుండా ఇల్లు చేరే దారి లేదు.

ఎండ కూడా తలకిందులే. అంచు మీద పైన్ చెట్లు, చల్లగాలి. దిగేకొద్దీ వేడి పెరుగుతుంది. వేసవిలో అడుగున నీడలోనే 40 డిగ్రీల సెల్సియస్ దాటడం మామూలు. దిగుడు వీరుడు ఉదయపు చల్లదనంలో ఈల వేసుకుంటూ నదికి చేరతాడు, మధ్యాహ్నం రాళ్లు పెనంలా కాలుతుండగా ఎక్కడం మొదలుపెడతాడు. వేసవిలో పదింటి నుంచి నాలుగింటి దాకా నడవొద్దని పార్కు వాళ్లు ప్రత్యేకంగా చెప్పేది ఆ వేళ గురించే. నది నుంచి కొంత దూరం రాగానే డెవిల్స్ కార్క్‌స్క్రూ అనే మెలికల దారి. ఆ పేరు పెట్టినవాడు దాన్ని కచ్చితంగా కిందినుంచి పైకి నడిచి ఉంటాడు.

‘నేను మారథాన్ పరుగెత్తేవాణ్ణి’ అన్నది వీరుల దగ్గరుండే పెద్ద ధీమా. దీనికి జవాబుగా పార్కు వాళ్లు చెప్పే ఉదంతంలో వెటకారానికి చోటు లేదు. 2004 బోస్టన్ మారథాన్‌ను మూడు గంటల చిల్లరలో పూర్తిచేసిన 24 ఏళ్ల వైద్య విద్యార్థిని అదే ఏడాది జులైలో ఈ లోయలో నీళ్లు చాలక, వడదెబ్బకు చనిపోయింది. వీరులకు ఈ ఉదంతం గుర్తుండదు. జిమ్ వామ్స్‌లీ మాత్రం గుర్తుంటాడు. దక్షిణపు అంచు నుంచి ఉత్తరపు అంచుకూ, అక్కణ్ణుంచి వెనక్కూ 42 మైళ్లను 2016లో ఆరు గంటల లోపే పరుగెత్తేసిన మనిషి. ఆయన పేరును ఏదో మేనమామ పేరు చెప్పినట్టు చెప్పుకుంటారు. ఆయన దూరపు పరుగులే వృత్తిగా పెట్టుకున్నవాడనీ, ఆ పరుగు తీసింది వేసవిలో కాదనీ మాత్రం చెప్పరు.

సరే, నీళ్లు బాగా తాగితే? అదీ చిక్కే. చెమటతో ఉప్పు పోతుంటే ఒట్టి నీళ్లే పట్టించినవాడికి రక్తంలో సోడియం పడిపోతుంది. తల తిరుగుతుంది, మతి తప్పుతుంది, ప్రాణాలూ పోవచ్చు. అందుకే కింద రేంజర్లు ముందు అడిగేది ఏం తిన్నావని. ఇంత దూరం ఎనర్జీ జెల్ పొట్లాలు మోసుకొచ్చిన మహానుభావుడికి కావలసింది చివరికి ఉప్పు బిస్కెట్లు.

ఇక చివరి ఆశ హెలికాప్టర్. లోయలోంచి ఏటా 250 మందికి పైగా కాపాడి తీసుకొస్తున్నారని పార్కు సర్వీసు చెబుతోంది. కాళ్లు నొప్పెట్టిన ప్రతివాడికీ అది టాక్సీలా రాదు. ప్రాణం మీదికి వస్తేనే. తక్కినవాళ్లను కాసేపు నీడన కూర్చోబెట్టి, కాస్త తినిపించి, సొంత కాళ్ల మీదే ఎక్కిస్తారు. ఈ గోల భరించలేకే 1997 నుంచి వేసవిలో దారి పొడవునా మనుషుల్ని పెట్టి, ‘ఎక్కడిదాకా? నీళ్లెన్ని?’ అని అడిగిస్తున్నారు. ‘ఊరికే, కాస్త ముందుదాకా’ అంటాడు వీరుడు. వయసు దాచేవాళ్లను చూశాం, జీతం దాచేవాళ్లను చూశాం. నదిని దాచిపెట్టుకుని నడిచేవాణ్ణి ఇక్కడే చూడాలి.

వీళ్లకన్నా 1540లో వచ్చిన స్పెయిన్ సైనికులు నయం. హోపీ తెగ దారిచూపరులు వాళ్లను అంచుదాకా తీసుకొచ్చారు. పైనుంచి చూస్తే నది బారెడు వెడల్పే అనిపించింది వాళ్లకు. చురుకైన ముగ్గురు దిగారు. మూడో వంతు దిగేసరికే పొద్దు వాలి వెనక్కి వచ్చేశారు. పైనుంచి మనిషంత కనిపించిన బండలు దగ్గరికెళ్తే సెవిల్ నగరంలోని పెద్ద గోపురం కన్నా ఎత్తున్నాయని ఒప్పుకున్నారు. మా వల్ల కాలేదని చరిత్రకెక్కించుకుని మరీ వెళ్లారు. ఈ దిగుడు మీద సొమ్ము చేసుకున్నవాడూ ఉన్నాడు. తర్వాతి రోజుల్లో సెనేటర్ కూడా అయిన రాల్ఫ్ కామెరాన్ అనే వ్యాపారి 20వ శతాబ్దం మొదట్లో బ్రైట్ ఏంజెల్ దారి మీద తలకు ఒక డాలరు సుంకం వసూలు చేశాడు. పుచ్చుకున్నది దిగేటప్పుడే. ఎక్కేటప్పుడు నిలబడి ఉంటే ఇంకా ఎక్కువే రాబట్టేవాడు.

ఈ ఎక్కుడు సంగతి అందరికన్నా బాగా తెలిసినవాళ్లు ఈ లోయ ఆదివాసులైన హవసుపాయి జనం. ఎండాకాలం లోయలో నీటి పట్టున పంటలు వేసుకుని, చలికాలం పైనున్న పీఠభూమికి వెళ్లి వేటాడేవాళ్లు. రుతువుకొకసారి దిగడం, రుతువుకొకసారి ఎక్కడం. బ్రైట్ ఏంజెల్ దారి మీదున్న వాళ్ల తోటల్లోంచి చివరి నివాసిని పార్కు సర్వీసు 1928లో వెళ్లగొట్టింది. 2022లో ఆ చోటికి హవసుపాయి గార్డెన్స్ అని పేరు పెట్టి చేతులు దులుపుకుంది. నదినుంచి సగం దారి ఎక్కొచ్చిన దిగుడు వీరులు ఇప్పుడు అక్కడి కాటన్‌వుడ్ చెట్ల కింద బూట్లు విప్పుకుని కూర్చుంటారు. కష్టమైన భాగం అయిపోయినట్టేనా అని రేంజర్‌ను అడుగుతారు. ఇంకా నాలుగున్నర మైళ్లు, నిలువున మూడు వేల అడుగులు.