మూత ఉన్న మగ్గును మాట్లాడుతున్నాను

మ్యూనిచ్‌లోని ఈ ఫ్లాటుకి వచ్చే తెలుగువాళ్ళంతా షోకేసులో నన్ను చూసి అడిగే ప్రశ్న ఒకటే: "తాగే మగ్గుకి మూత ఎందుకండీ?" మా ఇంటాయన సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. "ఈగలు పడకుండా" అనేసి కాఫీ తేవడానికి వంటింట్లోకి వెళ్ళిపోతాడు. జవాబు తప్పని అనను. కానీ నా బతుకంతా ఆ రెండు మాటల్లో చుట్టేస్తే ఒళ్ళు మండదూ? మట్టి సంగతి చెప్పాలి, ఉప్పు సంగతి చెప్పాలి. గాజు చేతిలో ఎలా ఓడిపోయానో కూడా దాచకుండా చెప్పాలి.

నేను పుట్టింది ఈ ఊళ్ళో కాదు. రైన్ నదికి తూర్పున వెస్టర్‌వాల్డ్ అనే కొండసీమ ఉంది. అక్కడ హోర్, గ్రెంజ్‌హౌసెన్ ఊళ్ళ చుట్టుపక్కల తవ్వితే చాలు, కుమ్మరి కోరుకునే మట్టి. 16వ శతాబ్దం చివర్లో సీగ్‌బర్గ్ నుంచి, రేరెన్ నుంచి పనితనం తెలిసిన కుమ్మరి కుటుంబాలు వచ్చి అక్కడ స్థిరపడ్డాయి. అప్పటి నుంచి కూజాలు, మగ్గులు చేయడమే ఆ సీమ బతుకుతెరువు. 19వ శతాబ్దం చివర్లో ఒక కుమ్మరి నన్ను సారె మీద లేపాడు. పచ్చిగా ఉండగానే సన్నటి పుల్లతో ఒంటి మీద పూలూ తీగలూ గీశాడు. ఆ గీతలు అందానికే అనుకునేరు. గీత మధ్యలో నీలిరంగు పూస్తే, కాలేటప్పుడు అది పక్కకు పారకుండా గీతే గట్టులా ఆపుతుంది. నీలమే ఎందుకంటే, నన్ను కాల్చే వేడికి చాలా రంగులు మాడిపోతాయి. కోబాల్టు మాత్రం నిలబడుతుంది. బూడిదరంగు ఒంటి మీద నీలిపూలు వెస్టర్‌వాల్డ్ సరుకుకి గుర్తు.

ఇక బట్టీ. మామూలు మట్టికుండ కాలే వేడి నాకు చాలదు. 1200 డిగ్రీలు దాటాలి. అంత వేడికి మట్టిలోని సూక్ష్మరంధ్రాలు మూసుకుపోయి ఒళ్ళంతా రాయిలా బిగుసుకుంటుంది. నీళ్ళు పోసినా చెమర్చదు. సరిగ్గా అప్పుడే పైనున్న కన్నాల్లోంచి పారలతో ఉప్పు విసురుతారు. మామూలు ఉప్పే! అది చిటపటలాడి ఆవిరైపోతుంది. అందులోని సోడియం నా మట్టిలోని సిలికాతో కలిసి పలచటి గాజుపొరగా మారుతుంది. క్లోరిన్ తెల్లటి ఆమ్లపు పొగగా బయటికి పోతుంది. ఆ పొగ ఊరి మీద కమ్మేసేదని వేరే చెప్పాలా? ఇప్పటికీ నన్ను వేలితో తడిమితే చిన్నచిన్న గుంటలు తగులుతాయి. పూత పూసి ముంచి తీసిన నునుపు కాదది. మంటలో నా మట్టీ ఉప్పూ కలిసి అక్కడికక్కడ పుట్టించిన గాజు.

మూత పెట్టింది కుమ్మరి కాదు, తగరం పోతపోసే మరో పనివాడు. నా పిడి చుట్టూ ఒక పట్టీ బిగించి, దాని మీద మడతబందు పెట్టి, మూత అతికించాడు. బొటనవేలు ఆనడానికి పైన ఓ చిన్న మీట. కొందరికి అది సింహం, కొందరికి గుడ్లగూబ. నాకు ఓక్ కాయ ఒకటి దక్కింది. పట్టుకునే తీరు చూడండి. నాలుగు వేళ్ళూ పిడిలోంచి పోతాయి, బొటనవేలు మీట మీద పడుతుంది. నొక్కితే మూత లేస్తుంది, తాగి వేలు వదిలితే పడిపోతుంది. అంతా ఒక్క చేత్తోనే. రెండో చేతికి పేకముక్కలు పట్టుకునే తీరిక. చేతి వేడి బీరుకు తగలకుండా పిడి కాపాడుతుంది, ఎండ వేడి త్వరగా ఎక్కకుండా మందపాటి గోడ కాపాడుతుంది.

పూర్వం ప్లేగు రోగం భయంతో ప్రతి మగ్గుకీ మూత ఉండాలని శాసనం చేశారని మమ్మల్ని అమ్మేవాళ్ళు కథ చెబుతారు. సరుకు అమ్ముడుపోవడానికి బాగుంటుంది, నాకైతే పెద్ద నమ్మకం లేదు. చెట్ల కింద కూర్చుని తాగేవాడికి మూత ఎందుకని శాసనం చెప్పాలా? ఇంతకీ ఆ చెట్లు ఎలా వచ్చాయో వినండి. 1516లో మ్యూనిచ్ ఉన్న ఈ బవేరియా సీమ పాలకులు బీరులో బార్లీ, హాప్స్ అనే చేదు పూలు, నీళ్ళు తప్ప మరేవీ ఉండకూడదని కట్టడి చేశారు. ఆ శాసనంలోనే ధర కూడా ఉంది: చలికాలంలో ఒక మాస్ బీరు ఒక పెన్నీ మించకూడదు, వేసవిలో రెండు పెన్నీలు మించకూడదు. (మాస్ అంటే లీటరు పైచిలుకు పాత కొలత.) తర్వాత 1553లో, ఏప్రిల్ 23 నుంచి సెప్టెంబరు 29 దాకా బీరు కాచడమే నిషేధించారు. వేసవికి సరిపడా ముందే కాచి నిల్వ చేయాలి. నిల్వకి చల్లటి నేలమాళిగలు కావాలి. మాళిగ పైన ఎండ పడకుండా వెడల్పాటి ఆకుల చెస్ట్‌నట్ చెట్లు నాటారు. నీడ ఉంది, కింద చల్లటి బీరు ఉంది, జనం రాకుండా ఉంటారా? 1812 జనవరి 4న రాజు మాక్సిమిలియన్ జోసెఫ్ మాళిగల దగ్గరే బీరు అమ్ముకోవచ్చని అనుమతిచ్చాడు. బీరుతో పాటు రొట్టె తప్ప వేరే తిండి అమ్మకూడదన్నాడు. అందుకే నేటికీ బవేరియా బీరు తోటల్లో ఇంటి నుంచి తిండి మూట కట్టుకెళ్ళినా ఎవరూ ఏమీ అనరు.

చెస్ట్‌నట్ చెట్టు కింద కాసేపు కూర్చోండి. పువ్వు రాలుతుంది, ఆకు రాలుతుంది, పిట్ట రెట్ట వేస్తుంది. ఈగల సంగతి సరేసరి. వీటన్నిటికీ అడ్డం నా మూత. తాగడం అయిపోయాక దాన్ని తెరిచి వదిలేస్తే ఇంకొకటి కావాలని వడ్డించే ఆవిడకి సైగ. నోరు తెరిచి అడిగే పనే లేదు.

ఇంకో గుణం ఉంది, దీన్ని మాత్రం గొప్పగానే చెప్పుకుంటాను. హాప్స్‌లోని చేదు పదార్థాలకు వెలుతురు పడదు. ఎండ తగిలితే అవి విరిగి, స్కంక్ అనే జంతువు వదిలే కంపులాంటి కంపు కొట్టే గంధకపు పదార్థంగా మారతాయి. ఎండలో పెట్టిన గాజు మగ్గులో ఆ కంపు పుట్టడానికి ఎంతోసేపు పట్టదు. నా లోపల ఎప్పుడూ చీకటే.

ఆ చీకటే నా కొంప ముంచింది. ముందు ఒక కారణం చెబుతాను: రంగు. 1842లో ప్ల్జెన్ ఊళ్ళో జోసెఫ్ గ్రోల్ అనే బవేరియా పనివాడు బంగారు రంగు బీరు కాచాడు. అంత అందమైన రంగును నాలో పోసి ఏం లాభం? అచ్చుపోసిన గాజు చవకయ్యాక జనం కళ్ళతో కూడా తాగడం మొదలుపెట్టారు. కానీ అసలు దెబ్బ రంగు కాదు, కొలత. నాలో బీరు ఎంత ఉందో బయటికి కనబడదు. పైన బెత్తెడు నురగ పోసి కింద తక్కువ పోస్తే తాగేవాడికి తెలిసేదెలా? 1881లో జర్మనీ చట్టం అమ్మకానికి వాడే ప్రతి మగ్గు మీదా కొలత గీత ఉండాలంది. నా మెడ మీదా 1 లీటరు గీత గీశారు. గీత ఉంది, నురగ దిగి బీరు ఆ గీత దాకా వచ్చిందో లేదో మాత్రం తెలియదు! 1892లో మ్యూనిచ్ బీరు పండుగ అక్టోబర్‌ఫెస్ట్‌లోకి గాజు మగ్గులు దిగాయి. మూత లేని మగ్గుల మీద కప్పుకోవడానికీ, కింద పెట్టుకోవడానికీ అదే 1892లో డ్రెస్డెన్‌కు చెందిన రాబర్ట్ స్పుట్ కలప గుజ్జుతో చేసిన అట్టబిళ్ళకు పేటెంటు తీసుకున్నాడు. నా మూతకి మారుగా అట్టముక్క!

మనసులో మాట చెబుతున్నాను. గాజు గెలవడం న్యాయమే. బీరును కాపాడడంలో నాకు సాటి లేదు, కొనేవాణ్ణి కాపాడడం మాత్రం నా వల్ల కాలేదు. గాజు వచ్చాక కూడా తగాదా తీరలేదనుకోండి. మోసపు వడ్డనను ఎదిరించడానికి మ్యూనిచ్‌లో ఒక సంఘమే ఉంది.

నాలాంటివాళ్ళు పూర్తిగా పోలేదు. 1589లో మొదలైన హోఫ్‌బ్రాయ్‌హౌస్ బీరుశాలకి వెళితే ఇనుప చట్రాల్లో, తాళాల వెనక మూతల మగ్గులు వరసగా కనబడతాయి. రోజూ వచ్చే పాత ఖాతాదార్ల సొంత మగ్గులవి. వాళ్ళే తాళం తీసుకుని, కడుక్కుని, నింపించుకుంటారు. నాకా యోగం పట్టలేదు. ఏటా వసంతంలో తెరీసియన్‌వీస్ మైదానంలో జరిగే పాతసామాన్ల సంతలో మా ఇంటాయన బేరమాడి నన్ను కొన్నాడు. అప్పటి నుంచి పెన్నులు మోస్తున్నాను.

పోయిన వేసవిలో వాళ్ళమ్మగారు గుంటూరు నుంచి వచ్చారు. నన్ను తిరగేసి బోర్లేసి చూశారు, వేలితో కొట్టి చప్పుడు విన్నారు. "ఒరేయ్ నాన్నా, ఈ జాడీ భలే ఉందిరా! మూత కూడా ఎక్కడా పారేసుకోకుండా బిగించాడు. నేను తెచ్చిన ఆవకాయ ఇందులో పెడతాను." కోడలు "అత్తయ్యా, అది..." అని నవ్వాపుకోలేక ఆగిపోయింది. కొడుకు గబగబా "అలంకారానికి కొన్నాలే అమ్మా, అది వాడేది కాదు" అన్నాడు. బీరు మాట ఎత్తలేదు, మొనగాడు.

ఆవిడ చూపు మాత్రం చూపే. మీ ఆవకాయ జాడీ నాకు వేలువిడిచిన చుట్టం. అదీ అధిక వేడికి రాయిలా బిగిసిన మట్టే. ఉప్పూ పులుపూ లోపలికి ఇంకవనే కదా ఏడాది పొడుగునా అందులో ఊరగాయ నిలవ ఉంచుతారు. తేడా అంతా మూతలో ఉంది. నా కాలపు మూతల్లో తగరంతో పాటు సీసం కలిపేవారు. 1887లో జర్మనీ చట్టం తెచ్చి తాగే పాత్రల లోహంలో సీసం నూటికి 10 పాళ్ళు మించకూడదంది. అంటే 10 పాళ్ళ దాకా ఫరవాలేదనేగా! పాతకాలంలో బీరు తాగినంతసేపే నాలో ఉండేది. ఆవకాయ నెలల తరబడి ఊరుతుంది. ఉప్పూ పులుపూ తగిలితే సీసం కొద్దికొద్దిగా తిండిలోకి దిగుతుంది.

కాబట్టి జర్మనీ వచ్చి నాలాంటి పాత మగ్గు కొనుక్కునేవాళ్ళకి ఒక మాట. మూత నల్లబారి, బరువుగా, మెత్తగా ఉందంటే షోకేసుకే పరిమితం చేయండి. తాగడానికి కావాలంటే సీసం లేని మూతతో ఇప్పుడు చేస్తున్నవి వెస్టర్‌వాల్డ్‌లోనే దొరుకుతాయి, అడిగి కొనండి. వాటిని డిష్‌వాషర్‌లో పడేయకుండా చేత్తో కడగండి. ఆవకాయకి మాత్రం మీ ఊరి జాడీయే తెచ్చుకోండి.