ఒంటరి తల్లికి 75 ఘడియలు

ఫ్యాక్టరీలో రోజుకు తొమ్మిది గంటలున్న పని పదికి పెరిగింది. ఐదు గంటల పని తర్వాత ఇవ్వాల్సిన విరామం ఆరు గంటల తర్వాతకు జరిగింది. మూడు నెలల్లో 75 గంటలు దాటకూడదన్న ఓవర్‌టైమ్ 144కి చేరింది. ఆంధ్రప్రదేశ్ శాసనసభ ‘సరే’ అన్నంత సేపట్లో ఇన్ని గంటలు పుట్టుకొచ్చాయి. ఎక్కువసేపు పనిచేస్తే ఎక్కువ ఆదాయం, ఆడవాళ్లకు ఆర్థిక బలం అని మంత్రి కొలుసు పార్థసారథి గారు 2025 జూన్‌లోనే సెలవిచ్చారు. ఆ లెక్కలో లోపం ఒక్కటే. పనిని సవరించారు గానీ, రోజును సవరించడం మరిచారు.

దీనికి శాస్త్ర సమ్మతమైన దారే ఉంది. మూడేళ్లు నిండకుండానే పంచాంగకర్తలు ఏ సభ ఆమోదమూ లేకుండా ఒక అధిక మాసాన్ని తెచ్చి మన మధ్య కూర్చోబెడతారు. పరాభవ నామ సంవత్సరంలో జ్యేష్ఠాలు రెండు. నెలకు నెలే అదనంగా దొరికే చోట పదిహేను ఘడియలు దొరకవా? పిల్లల్ని ఒంటిచేత్తో సాకే తల్లులకూ తండ్రులకూ రోజుకు 60 ఘడియలు కాదు, 75 అని ఒక బిల్లు పెడితే సరి.

ఈ అదనపు పదిహేను గాలిలోంచి ఊడిపడలేదు. విజయవాడ సింగ్‌నగర్ వాంబే కాలనీలో నాలుగేళ్ల కొడుకుతో ఉంటున్న ఒక తల్లి, గన్నవరం వైపు ఒక ఫ్యాక్టరీలో పని అనుకుందాం. ఏడింటికి గడప దాటితేనే షిఫ్టు అందుతుంది. పది గంటల పనీ, విరామమూ, రెండు బస్సులూ కలిసి ఆమెను ఎనిమిదింటికి గానీ ఇల్లు చేర్చవు. అంగన్‌వాడీ తెరిచేది తొమ్మిదికి, మూసేది నాలుగుకి. పొద్దున రెండు గంటలు, సాయంత్రం నాలుగు. వెరసి ఆరు గంటలు, అంటే సరిగ్గా 15 ఘడియలు. స్త్రీశక్తి ఉచిత బస్సు పథకం పుణ్యమా అని 2025 ఆగస్టు 15 నుంచి బస్సు చార్జీ తప్పింది. రామవరప్పాడు రింగు దగ్గర ట్రాఫిక్‌లో ఆగిపోయే కాలానికి మాత్రం జీరో టికెట్ లేదు.

బిల్లులో క్లాజులు కూడా సిద్ధం. ఆ పదిహేను ఘడియల్లో పిల్లవాడికి ఆకలి వేయరాదు, జ్వరం రారాదు, వాడు మేడ మెట్లెక్కరాదు. రాహుకాలం, వర్జ్యం వర్తించవు. రాత్రి షిఫ్టుకు తల్లి సమ్మతి ఉండాలని కొత్త నిబంధనే చెబుతోంది కనుక, చీకట్లో ఒక్కడే పడుకోవాల్సిన పిల్లవాడి సమ్మతి కూడా వేలిముద్రతో తీసుకోవాలి. వాడికి సంతకం రాదు మరి.

144 గంటల ఓవర్‌టైముకు మూడు నెలలకోసారి మరో 360 ఘడియలు కావాలి. తన 60నీ హాయిగా తానే ఖర్చు పెట్టుకుంటున్న, వదిలేసి వెళ్లిన మొగుడి ఖాతాలోంచి వీటిని కోసి ఇవ్వాలి. ఆయన మీద భరణం అడిగే సెక్షను కూడా నాగరిక్ సురక్షా సంహితలో 144 కావడం శుభసూచకం. భరణం ముందొస్తుందో ఓవర్‌టైమ్ డబ్బులు ముందొస్తాయో జ్యోతిష్కులు తేల్చాలి.

వింత కోరికని సచివాలయం దీన్ని కొట్టిపారేయడానికి వీల్లేదు. రాష్ట్ర ప్రభుత్వ మహిళా ఉద్యోగులకు, భార్య లేకుండా పిల్లల్ని పెంచే మగ ఉద్యోగులకు 180 రోజుల శిశు సంరక్షణ సెలవు ఉంది. అక్షరాలా 10,800 అధిక ఘడియలు, అదీ జీతంతో. ఇవ్వాలనుకున్నవాళ్లకు కాలం దొరుకుతూనే ఉంది.

ఇక పంచాంగం మూసేద్దాం. ముప్పై మందికి పైగా ఆడవాళ్లు పనిచేసే ఫ్యాక్టరీలో పసిపిల్లలకు గది ఉండి తీరాలని ఫ్యాక్టరీల చట్టం 48వ సెక్షను చెప్పింది. యాభై మంది ఉద్యోగులున్న ప్రతి సంస్థకూ క్రెచ్ ఉండాలని 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టానికి సవరణ తెచ్చారు. కేంద్ర పథకం ‘పాల్నా’ కింద నడిచే క్రెచ్‌లు తెరిచి ఉండేది రోజుకు ఏడున్నర గంటలు. తొమ్మిదిని పది చేసిన కలానికి ఈ ఏడున్నర కనపడలేదు. అంగన్‌వాడీల్లో ఆ పిల్లల్ని చూసే ఆడవాళ్లు 11,500 రూపాయల గౌరవ వేతనం చాలదని 42 రోజులు సమ్మె చేస్తే, ఆ మధ్యలోనే 2024 జనవరిలో అప్పటి ప్రభుత్వం వాళ్ల మీద ఎస్మా ప్రయోగించింది. జెండాలు మారినా అప్పటి ప్రభుత్వానికీ ఇప్పటి ప్రభుత్వానికీ పట్టని పని ఇదొక్కటే.

ఎక్కువ ఆదాయం ఎవరికి? పిల్లవాణ్ణి అత్తకో అమ్మకో అప్పజెప్పి రాగలిగినవాళ్లకి. ఆ తోడు లేని మనిషి పదో గంట దాకా వెళ్లనే వెళ్లదు. ‘పిల్లల్ని ఎవరు చూస్తారమ్మా?’ అన్న ప్రశ్న దగ్గరే ఆమె దరఖాస్తు ఆగిపోతుంది. ఇంకా తక్కువ కూలికి, ఇంటికి దగ్గరగా, నాలుగిళ్లలో అంట్లు తోముకోవడానికి వెళుతుంది. దీన్ని మహిళా సాధికారత అంటే సిగ్గుండాలి. పది గంటలు పని చేయించుకునే యజమాని ఆ పది గంటలూ క్రెచ్ తెరిచి ఉంచాలి, లేకపోతే షిఫ్టుకు అనుమతి లేదు అన్న ఒక్క వాక్యం సవరణ బిల్లులో రాయడానికి ఎవరికి చెయ్యి రాలేదో మంత్రిగారు చెప్పాలి.