విమానం ఎక్కేవాళ్లు వినకూడని ఐదు సలహాలు

డాలస్‌లో కొడుకు దగ్గరికి బయల్దేరే పెద్దవాళ్లకైనా, దుబాయ్‌లో పనికి పోయే జగిత్యాల కుర్రాడికైనా శంషాబాద్ చేరేలోపు సలహాలకు కొదవుండదు. పెట్టె ఎన్ని కిలోలుండాలి, ఆవకాయ సీసా ఎందులో సర్దాలి లాంటివి పనికొచ్చేవే. మన వివరాలు ఎవరికివ్వాలి, ఎంతవరకివ్వాలి అన్న దగ్గర మాత్రం చాలామంది ధీమాగా తప్పు చెబుతారు. అలాంటివి ఐదు ఇక్కడ రాస్తున్నాను. ఎంత దగ్గరివాళ్లు చెప్పినా పాటించకండి.

1. "తప్పు చేయనివాడికి భయమెందుకండీ? అడిగినవన్నీ ఇచ్చెయ్యండి."

టికెట్ వెనక పీఎన్‌ఆర్ అనే రికార్డు ఒకటుంటుంది. మీ పేరు, ఫోను నంబరు, డబ్బు కట్టిన కార్డు, బుక్ చేసిన ఏజెంటు, మీతో వచ్చేవాళ్లు, సీటు, సామాను, మార్చుకున్న తేదీలు అందులోకి చేరతాయి. అమ్మకు వీల్‌చైర్ కావాలన్నా, నాన్నకు షుగరు ఉన్నవాళ్ల భోజనం పెట్టమన్నా అదీ అక్కడే నమోదవుతుంది. విదేశీ ప్రయాణాల విషయంలో ఈ రికార్డును విమానం బయల్దేరడానికి 24 గంటల ముందే కస్టమ్స్ శాఖకు పంపాలని కేంద్రం 2022 ఆగస్టులో నియమాలు తెచ్చింది. 5 ఏళ్లు దాచుకోవచ్చు. ఇతర దర్యాప్తు సంస్థలకూ, విదేశాలకూ ఇవ్వొచ్చు. మతం, ఆరోగ్యం, రాజకీయ అభిప్రాయాలు బయటపడేలా ఈ వివరాలను వాడకూడదని కూడా ఆ నియమాల్లోనే ఉంది. అంటే, ఏ తప్పూ చేయనివాడికి కూడా వీటివల్ల ఇబ్బంది రావచ్చని నియమాలు రాసినవాళ్లకే తెలుసు. ఏ అనుమానమూ లేని ప్రయాణికులందరి వివరాలనూ 5 ఏళ్లు దాచడం చెల్లదని యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం 2022 జూన్‌లో తేల్చి చెప్పింది. మన దగ్గరా ఆ ప్రశ్న వేయాల్సిందే.

2. "డిజియాత్ర లేకపోతే లోపలికి పోనివ్వరు. వెంటనే పెట్టుకో."

ఇది అబద్ధం. ముఖం చూసి గేటు తెరిచే ఈ పద్ధతి 2022 డిసెంబరు 1న ఢిల్లీ, బెంగళూరు, వారణాసిలో మొదలైంది. 2023లో హైదరాబాద్, విజయవాడకూ వచ్చింది. మొదటి రోజునుంచీ ఇది ఇష్టమున్నవాళ్లకే అని ప్రభుత్వం చెబుతోంది. గుర్తింపు కార్డు, టికెట్ చూపించి వెళ్లే మామూలు గేటు అలాగే ఉంది. ఎవరైనా ట్యాబ్ పట్టుకొచ్చి "సార్, ఒక్కసారి ఇటు చూడండి" అంటే, చూసే ముందు "దేనికి బాబూ?" అని అడగండి. జవాబు నచ్చకపోతే "నాకొద్దు, కార్డు చూపిస్తాను" అనండి. అందులో మర్యాద తప్పేదేమీ లేదు. హడావిడిలో తల ఊపినంత మాత్రాన అది ఒప్పుకోలు కాదు. తెలిసి, ఇష్టపడి ఇచ్చిందే ఒప్పుకోలు.

3. "ఫొటో 24 గంటల్లో తీసేస్తారట. ఇక చింతెందుకు?"

వివరాలు మీ ఫోనులోనే ఉంటాయని, ఎయిర్‌పోర్టుకు పంపిన కాపీని విమానం బయల్దేరిన 24 గంటల్లో చెరిపేస్తామని చెబుతున్న మాట నిజమే. చెరిపారో లేదో చూసేదెవరన్నదే అసలు ప్రశ్న. దీన్ని నడిపే డిజియాత్ర ఫౌండేషన్ లాభాపేక్ష లేని కంపెనీ. అందులో ఎయిర్‌పోర్ట్స్ అథారిటీకి 26 శాతం వాటా ఉంది. మిగతాది హైదరాబాద్, బెంగళూరు, ఢిల్లీ, ముంబై, కొచ్చి విమానాశ్రయ సంస్థలది. గేటు పెట్టినవాళ్లే, నడిపేవాళ్లే "అంతా సవ్యంగానే ఉంది" అంటే సరిపోదు. బయటివాళ్లు తనిఖీ చేయాలి, ఆ నివేదిక జనం చదివేలా ఉండాలి.

4. "బోర్డింగ్ పాస్ ఫొటో స్టేటస్‌లో పెట్టు, అందరూ చూస్తారు."

పెట్టేముందు ఆ కాగితాన్ని ఓసారి దగ్గరగా చూడండి. పేరు, ఇంటిపేరు, ఆరక్షరాల బుకింగ్ నంబరు, పక్కన బార్‌కోడ్. నంబరు మీద వేలు అడ్డుపెట్టి ఫొటో తీసినా బార్‌కోడ్‌ను చదివితే అది బయటపడుతుంది. చాలా ఎయిర్‌లైన్ల సైట్లలో ఇంటిపేరు, ఆ నంబరు కొడితే చాలు, మీ బుకింగ్ తెరుచుకుంటుంది. ఆస్ట్రేలియా మాజీ ప్రధాని టోనీ అబాట్ 2020లో తన బోర్డింగ్ పాస్ ఫొటో ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టారు. దాని ఆధారంగా ఓ వ్యక్తి ఆయన పాస్‌పోర్టు నంబరునే రాబట్టాడు. అంతటివారికే ఆ గతి పడితే మనమెంత! దిగాక ఆ కాగితాన్ని సీటు జేబులో వదలకండి. ఇంటికి తెచ్చి చింపెయ్యండి. పిల్లల ప్రయాణం ఫొటోలు పెట్టాలనిపిస్తే వాళ్ల ముఖంలో సంతోషం చాలు, పాస్ అక్కర్లేదు.

5. "డేటా చట్టం వచ్చేసిందిగా, ఇక ప్రభుత్వమే చూసుకుంటుంది."

చట్టం 2023లో వచ్చింది. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. సంస్థల ముఖ్యమైన బాధ్యతలు అమల్లోకి రావడానికి వాటిలో 18 నెలల గడువిచ్చారు. పైగా దేశ భద్రత, శాంతిభద్రతల లాంటి కారణాలతో కేంద్రం తనకు కావాల్సిన ప్రభుత్వ సంస్థలను ఈ చట్టం నుంచి పూర్తిగా మినహాయించుకోవచ్చు. ఫిర్యాదులు వినే బోర్డు సభ్యులను నియమించేదీ కేంద్రమే. తప్పు చేసిన కంపెనీకి 250 కోట్ల రూపాయల దాకా జరిమానా ఉంది గానీ, ఆ సొమ్ము ఖజానాకు పోతుంది. నష్టపోయిన ప్రయాణికుడికి పరిహారం ఇప్పించే సెక్షన్ ఇందులో లేదు. ఎయిరిండియా ప్రయాణికుల్లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 45 లక్షల మంది వివరాలు, పాస్‌పోర్టు సమాచారంతో సహా, బయటికి పోయాయని 2021 మేలో తెలిసింది. రేపు అలాంటిదే జరిగితే ఈ చట్టం మీ చేతికి రూపాయి కూడా ఇప్పించదు.

గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిది మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా చెప్పారు. వారిలో మన తెలుగువారు జస్టిస్ జాస్తి చలమేశ్వర్ కూడా ఉన్నారు. ఆ హక్కు గేటు దగ్గర నిలబడాలంటే మనం నోరు విప్పాలి. అడగందే అమ్మైనా పెట్టదు. ఈసారి మీ ఎంపీ ఊరికొచ్చినప్పుడు మూడు కోరండి: డిజియాత్ర ఫౌండేషన్‌ను స్పష్టంగా సమాచార హక్కు చట్టం కిందికి తేవాలి, ప్రయాణికుల రికార్డులు దాచే గడువు తగ్గించాలి, వివరాలు పోగొట్టుకున్నవాడికి పరిహారం దక్కాలి. ఓటడగడానికి వచ్చే మనిషికి ఈ మూడూ వినే ఓపిక ఉండి తీరాలి.