చేపలు వేయించిన చదువు

అమెరికాలో క్యాథలిక్ బడిలో పిల్లని చేర్చేముందు ఫీజెంతో అందరూ అడుగుతారు. ఫీజు కట్టాక ఇంకేం చెయ్యాలో ఎవరూ అడగరు. మనం తెలుగువాళ్ళం. ఫీజు కట్టేస్తే బాధ్యత తీరిపోయినట్టేనని మన నమ్మకం. భీమవరంలో మా నాన్న నా ఇంటర్ ఫీజు కట్టేసి, మళ్ళీ రిజల్ట్సు వచ్చేదాకా ఆ కాలేజీ గేటు వైపు చూడలేదు. చూసినా లాభం లేదు, ఆ గేటు పెట్టిందే తల్లిదండ్రులు లోపలికి రాకుండా. ఇక్కడ సిన్సినాటీలో మా అమ్మాయి బడి గేటు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. లోపల ఒకావిడ చేతిలో ఏప్రాన్ పట్టుకుని నిలబడి ఉంటుంది. ఆ ఏప్రాన్ మనకే.

బడి తెరిచిన మొదటి వారంలోనే క్యాలెండర్ ఇచ్చారు. సెలవులేమో అనుకుని ఫ్రిజ్ మీద అంటించాను. అవి వసూళ్ళు. ఆగస్టులో చాక్లెట్లు, సెప్టెంబరులో వాకథాన్, అక్టోబరులో రాఫిల్, జనవరి చివర క్యాథలిక్ స్కూల్స్ వీక్, ఆ తర్వాత చేపలు, మధ్యలో బింగో, వసంతంలో వేలం, వేసవిలో తిరనాళ్ళు. ఇవి కాక అప్పుడప్పుడూ జీన్స్ డే. ఆ రోజు పిల్లలు డాలరు ఇస్తే యూనిఫాం లేకుండా రావచ్చు. అంటే యూనిఫాం కొనడానికీ మన డబ్బే, వేసుకోకుండా ఉండడానికీ మన డబ్బే. పైగా ప్రతి కుటుంబమూ ఏడాదికి ఇన్ని గంటలని సేవ చెయ్యాలి. చెయ్యనివాళ్ళు ఆ గంటలకి వెల కట్టి చెల్లించాలి. "పనిచేస్తే జీతం ఇచ్చే చోటు చూశాం గానీ, పనిచెయ్యకపోతే జీతం గుంజే చోటు ఇదేనండీ" అంది మా ఆవిడ.

చాక్లెట్ల పెట్టె నేను ఆఫీసుకి పట్టుకెళ్ళాను. నా దగ్గర కొన్నవాళ్ళందరికీ బడికెళ్ళే పిల్లలున్నారు. ఒకావిడ కూతురు గర్ల్ స్కౌట్ బిస్కెట్లు అమ్ముతోంది, అవి నేను కొన్నాను. ఒకాయన కొడుకు పాప్‌కార్న్ అమ్ముతున్నాడు, అదీ కొన్నాను. ఇంకొకాయన గిఫ్టులు చుట్టే రంగు కాగితం అంటగట్టాడు. అది ఎన్ని పెళ్ళిళ్ళకి చుట్టినా తరగడం లేదు. ఏడాది తిరిగేసరికి డబ్బు మా నలుగురి మధ్యే గుండ్రంగా తిరిగింది. అందరిలో వచ్చిన మార్పల్లా నడుము కొలతే.

ఇంత తంటా దేనికని తవ్వి చూస్తే, తప్పంతా సిస్టర్లది. ఉండడం కాదు, లేకపోవడం. 1884లో బాల్టిమోర్‌లో సభ చేసి, ప్రతి చర్చికీ రెండేళ్ళలో ఒక బడి ఉండాలని అమెరికా మేత్రాణులందరూ తీర్మానించారు. అన్ని బళ్ళకి టీచర్లని ఎక్కణ్ణించి తేవాలన్న ప్రశ్నకి సిస్టర్లే జవాబు. వాళ్ళకి కూడూ గుడ్డా, కాస్త చేతిఖర్చూ చాలు. 1960ల మధ్యలో ఈ బళ్ళలో 50 లక్షలకి పైగా పిల్లలు చదివేవారు, చెప్పేవాళ్ళలో సగానికి మించి సిస్టర్లూ బ్రదర్లూ ఫాదర్లే. ఇప్పుడు పిల్లలు 17 లక్షలకి అటూ ఇటూ ఉన్నారు, చెప్పేవాళ్ళలో సన్యాసులు నూటికి ముగ్గురు కూడా లేరు. మిగతావాళ్ళందరికీ పెళ్ళాం బిడ్డలూ ఇంటి అప్పులూ ఉన్నాయి. ఒహాయో ప్రభుత్వం పిల్లల పేరు మీద కొంత స్కాలర్‌షిప్ ఇస్తుంది గానీ, దానితో గుంట పూడదు. అప్పట్లో సిస్టర్లు ఊరికే చెప్పిన చదువుకి ఇప్పుడు మేం చేపలు వేయించి జీతాలు కడుతున్నాం.

చేపల సంగతి వివరంగా చెప్పాలి. విభూది బుధవారం నుంచి ఈస్టర్ దాకా క్యాథలిక్కులకి తపస్సు కాలం. ఆ నలభై రోజుల్లో శుక్రవారాలు మాంసం తినకూడదు. 1966 దాకా అయితే ఏడాది పొడుగునా ప్రతి శుక్రవారమూ ఇదే నియమం. ఆ నియమం దెబ్బకి మా ఊళ్ళోనే, మాన్‌ఫోర్ట్ హైట్స్‌లో మెక్‌డొనాల్డ్స్ నడిపే లూ గ్రోయెన్ అనే ఆయనకి శుక్రవారం వస్తే బేరాలుండేవి కావు. 1962లో ఆయన చేప శాండ్‌విచ్ ఒకటి తయారుచేశాడు. కంపెనీ పెద్ద రే క్రాక్‌కి అది నచ్చక, బన్నులో అనాసపండు చక్రం పెట్టి హులా బర్గర్ అని పేరుపెట్టి పోటీకి దింపాడు. అనాసపండు చిత్తుగా ఓడిపోయింది. చేప ఫిలే-ఓ-ఫిష్ అయి దేశమంతా తిరుగుతోంది. అలాంటి ఊళ్ళో చర్చి వాళ్ళు చేపలు వేయించకుండా ఎలా ఉంటారు? తపస్సు కాలంలో ఏ శుక్రవారం సాయంత్రమైనా కారు అద్దం దించితే చాలు, దగ్గర్లో చర్చి ఎక్కడుందో ముక్కే చెబుతుంది.

అప్పుడు మా అమ్మ భీమవరం నుంచి వచ్చి ఉంది. "మాంసం తినకూడని రోజున చేపలా?" అని బుగ్గ నొక్కుకుంది.

"వీళ్ళ లెక్కలో చేప మాంసం కాదమ్మా. మొసలి కూడా చేపల్లోకే వస్తుందని 2010లో న్యూ ఆర్లియన్స్ పెద్ద మేత్రాణులు ఉత్తరం రాసిచ్చారు" అన్నాను.

అమ్మ కాసేపు ఆలోచించింది. "ఒరేయ్ అబ్బాయ్, ఆయన అడ్రసు కనుక్కో. కార్తీక సోమవారానికి కోడిపెట్ట ఏ కూరగాయల్లోకి వస్తుందో మనం కూడా రాయించుకుందాం."

తీరా చేప ప్లేటులోకి వచ్చాక తిరగేసి బోర్లేసి చూసి, "దీనికింత దుప్పటి కప్పారేమిట్రా, జొరమా?" అంది. పుస్తెలమ్మైనా పులస తినాలనే గడ్డ మీద పుట్టిన మనిషి. మైదాపిండిలో పొర్లి, ఉప్పు కూడా మొహమాటంగా తగిలిన కాడ్ చేప ఆవిడకి ఆనలేదు. నేనూ ఆ గడ్డ మీదే పుట్టాను కదా, వంటింట్లో నూనె దగ్గర నిలబడే పెద్దాయనతో, పిండిలో కాస్త కారం, కాస్త అల్లం వెల్లుల్లి కలిపితే ఎలా ఉంటుందని అడిగాను. ఆయన ఏమీ అనలేదు. నన్ను కోల్‌స్లా కప్పుల దగ్గర్నించి నిమ్మకాయ ముక్కల దగ్గరికి మార్చాడు. ఆ వంటింట్లో నూనె దగ్గర చోటు రావాలంటే డెబ్భై ఏళ్ళయినా నిండాలి, లేదా అక్కడున్న వాళ్ళలో ఒకరు స్వర్గానికైనా వెళ్ళాలి. తర్వాత నేను ఇండియావాణ్ణని గుర్తొచ్చి, లెక్కలొస్తాయి కదా అని డబ్బుల బల్ల దగ్గర కూర్చోబెట్టారు. అక్కడ తెలిసింది అసలు రహస్యం. క్యూలో సగం మందికి బడిలో పిల్లలే లేరు.

బింగోకి కూడా అమ్మే వచ్చింది. భీమవరం లేడీస్ క్లబ్బులో తంబోలా ఆడిన చెయ్యి. ఈ ఆటకీ చర్చికీ పాత చుట్టరికం ఉంది. 1930ల దగ్గర్లో ఎడ్విన్ లో అనే బొమ్మల వ్యాపారి బింగో అట్టలు అమ్మేవాడు. పెన్సిల్వేనియాలో ఒక ఫాదర్ తన చర్చి అప్పులు తీర్చుకుందామని అవి కొని ఆట పెట్టాడు. అట్టల రకాలు తక్కువ కావడంతో ఒక్కో ఆటకి అరడజను మందికి పైగా గెలిచేవారట. ప్రైజులు ఇవ్వలేక ఫాదర్ మొత్తుకుంటే, వ్యాపారి కొలంబియా యూనివర్సిటీలో కార్ల్ లెఫ్లర్ అనే లెక్కల ప్రొఫెసర్‌ని పట్టుకుని, ఒకదానితో ఒకటి కలవని 6,000 అట్టలు వేయించాడు. ఆ పని చేసి చేసి ప్రొఫెసర్‌కి మతి తప్పిందని ఒక కథ కూడా ఉంది. బడి నిధుల కమిటీలో ఒక ఏడాది ఉన్నవాళ్ళెవరూ ఆ కథని శంకించరు.

అమ్మ గెలిచింది. ప్రైజు ఈస్టర్ హామ్, అంటే పసిపిల్లంత బరువున్న పంది తొడ. అందరూ చప్పట్లు కొడుతుంటే ఆవిడ దాన్ని రెండు చేతులా పట్టుకుని, ఎక్కడ దించాలో తెలియక నిలబడింది. "ఇలా ఇవ్వండి అమ్మగారూ, మీకు పనికిరాదు గానీ నాకు పనికొస్తుంది" అని తెలుగులో వినిపించింది. అంకెలు పిలుస్తున్న ఫాదరే. గుంటూరు పక్క పల్లెటూరు ఆయనది. ఇప్పుడు అమెరికాలో ఫాదర్లు కరువై, తెలుగు జిల్లాల నుంచి చాలామంది వచ్చి చర్చిలు నడుపుతున్నారు. ఈయన పిలుస్తుంటే బి-సెవెన్‌కీ జి-ఫిఫ్టీకీ కూడా గుంటూరు మిరపకాయ ఘాటు తగులుతుంది. నేనూ ఆయనా ఒకే భాషలో మాట్లాడుకోవడం చూసి, ఆ వారం నుంచి మా ఇద్దరినీ అన్నదమ్ములని ఖాయం చేసేశారు. ఆయన్ని అడగలేని పనులన్నీ నాకు చెప్పడం మొదలుపెట్టారు.

వేలం సంగతి మాత్రం నాకెవరూ నేర్పక్కర్లేదు. బాలాపూర్ గణేశుడి లడ్డూ గురించి విన్నవాడికి వేలం కొత్తా? 1994లో 450 రూపాయలు పలికిన లడ్డూ 2024లో 30 లక్షల వెయ్యి పలికింది. లడ్డూలో నెయ్యి పెరిగి కాదు, చూసేవాళ్ళు పెరిగి. ఆ డబ్బు ఊరి బాగుకే ఉపయోగపడుతుంది కాబట్టి పాడినవాడికి పుణ్యమూ పేపర్లో ఫొటోనూ. మా బడిలో లడ్డూ బదులు ఒకటో తరగతి పిల్లలందరూ రంగుల్లో చేతులు ముంచి అద్దిన గుడ్డ ఉంటుంది. ప్రిన్సిపాల్ పక్కన ఏడాది పాటు కారు పెట్టుకునే చోటు ఉంటుంది. ఆ చోటుకీ ఊరికే దొరికే చోటుకీ మధ్య దూరం ఇరవై అడుగులు. గ్రాడ్యుయేషన్ రోజున ముందు వరస కుర్చీలు కూడా పాటకి పెడతారు. మనం వండి పెట్టిన తిండే తింటూ, మనం అలంకరించిన హాల్లో, మన పిల్లలు వేసిన బొమ్మని మన డబ్బుతో కొనుక్కోవాలి.

ఆ గుడ్డ పాట మొదలైనప్పుడు నేను చేతులు జేబుల్లో పెట్టుకున్నాను. కానీ పాటకార్డు మా ఆవిడ చేతిలో ఉంది. "ఏమండీ, ముందు బల్లవాళ్ళు మళ్ళీ ఎత్తారు" అంది. "ఎత్తనీ" అన్నాను. "దాంట్లో మన పిల్ల చెయ్యి ఉంది." "ఇంట్లో పిల్లే ఉంది కదే!" అన్నాను. ఆ మాట పూర్తయ్యేలోపు సుత్తి పడింది. ఇప్పుడా గుడ్డ మా హాల్లో ఉంది. మా పిల్ల చెయ్యి ఎడమ మూలన ఉంటుంది, సోఫా జరిపితే కనిపిస్తుంది.

ఇంతా చేసి వచ్చిన డబ్బు ఎక్కడికి పోతుందంటే, జీతాలు పోగా పిల్లల అదనపు చదువుకి. రోబోటిక్స్ క్లబ్బు, సంగీతం టీచరు, చదరంగం, సైన్స్ యాత్రలు. డేటన్‌లో అమెరికా వైమానిక దళం మ్యూజియం ఉంది, లోపలికి టికెట్ లేదు. అక్కడికి వెళ్ళే బస్సుకి మాత్రం ఉంది. మా అమ్మాయి ఈ ఆర్థికశాస్త్రాన్ని మాకంటే ముందే పట్టేసింది. ఇంట్లో ఇప్పుడు డాలర్లలో మాట్లాడదు. "నాన్నా, బస్సు అంటే ఎన్ని చేపల ప్లేట్లు?" అంటుంది. వయొలిన్ తెచ్చుకున్న రోజున, తీగ తెగితే రెండు చేపలని జాగ్రత్తలు చెప్పింది. ఆ వయొలిన్ మీద మొదటి నెల వచ్చిన చప్పుడు విని, చేపల్ని చంపినందుకు ఇది శిక్ష అని మా అమ్మ తేల్చేసింది.

ఒకసారి కమిటీలో నేనొక లెక్క పెట్టాను. చాక్లెట్ కంపెనీకీ, నూనెకీ, హాలు అలంకారానికీ పోయేది పోగా మిగిలేది ఇంత. అంతకంటే తలా ఒక చెక్కు రాసిచ్చేసి అందరం ఇంట్లో పడుకుంటే పోలేదా? కొన్ని బళ్ళు ఈ పద్ధతి కూడా పెట్టాయి, చెక్కు ఇస్తే ఏడాదంతా మీ జోలికి రామని ఉత్తరం పంపుతాయి. నూనె దగ్గరి పెద్దాయన శ్రద్ధగా విని, "చెక్కు నువ్వు రాస్తావు. శుక్రవారం ఆ క్యూలో నిలబడే ముసలాళ్ళ చేత ఎవరు రాయిస్తారు?" అన్నాడు. వాళ్ళ పిల్లలు ఈ బడి వదిలి ముప్ఫై నలభై ఏళ్ళయింది. కొందరు వేరే రాష్ట్రాల్లో ఉన్నారు, ఫోన్లు కూడా వారానికొకటి. బడికి విరాళమివ్వండని ఉత్తరం రాస్తే ఆ ఉత్తరం చెత్తబుట్టలోకే. చేపలున్నాయంటే మాత్రం వాళ్ళు రోడ్డు మీద మంచున్నా వస్తారు, రెండు గంటలు కూర్చుంటారు, చిల్లర వద్దని డబ్బాలో పడేసి పోతారు. ఒకప్పుడు వాళ్ళ పిల్లల కోసం ఇంకెవరో ఇలాగే వేయించారు. నా లెక్కలో వీళ్ళకి గడి లేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని నిమ్మకాయలు కొయ్యడానికి వెళ్ళాను.

ఈస్టర్ వెళ్ళాక ఫాదర్ గారు మా ఇంటికి భోజనానికొచ్చారు. గోంగూర మూడోసారి వడ్డించుకుంటూ తన చిన్నప్పటి సంగతులు చెప్పారు. వాళ్ళ ఊరి బడికి పైకప్పు రేకులు విదేశాల్లో చర్చిల వాళ్ళు పోగుచేసి పంపిన డబ్బుతోనే వేశారట. ఆ బడిలో ఆయన పక్కన కూర్చుని చదివినవాళ్ళలో సగం మంది హిందువులేనట.

అమ్మ గరిటె ఆపింది. "అయితే ఫాదర్ గారూ, అప్పుడు మీవాళ్ళు మా ఊళ్ళకి పంపిన డబ్బంతా ఇప్పుడు మా వాడి దగ్గర వసూలు చేస్తున్నారన్నమాట."

"వడ్డీయే అమ్మగారూ" అన్నారాయన, గోంగూరలో ఉల్లిపాయ నంజుకుంటూ. "అసలు వచ్చే ఏడు వేలంలో చూసుకుంటాం."