పై పీట

పిల్లికి ఇంట్లో వెడల్పు కన్నా ఎత్తు ముఖ్యం. ఎవరి చేతికీ అందని చోట కూర్చుని, పైనుంచి అందరినీ గమనించగలిగితేనే దానికి నిశ్చింత. ఎక్కడానికో గుంజ, కూర్చోడానికి రెండు పీటలు చేసిపెడితే అది గారాబం కాదు, దాని అవసరం తీర్చడమే.

అందుకే మా పై అంతస్తు మాస్టారు సాయమడిగితే సంబరంగా వెళ్లాను. పెళ్లయి డాలస్ వెళ్లిన కూతురు విడిచి వెళ్లిన పిల్లి వాళ్లది. 18 ఎం.ఎం. ప్లైవుడ్ తెచ్చాం. అడుగు చెక్క రెండడుగుల చదరం. అది బరువుగా ఉండాలి. దూకినప్పుడు గుంజ ఊగిందంటే పిల్లి బెదిరి మళ్లీ దాని జోలికి రాకపోవచ్చు. నైలాన్ వద్దని కొబ్బరి తాడు చుట్టించాను. పిల్లి గీరేది గోళ్ల మీది పాత పొర ఊడిరావడానికి, పాదాల్లోని గ్రంథుల వాసన అంటించి ఆ చోటు తనదని చాటుకోవడానికి. ఒళ్లంతా సాగదీసి గీరుతుంది గనక గుంజ మూడడుగులకు తగ్గకూడదు. ఆ వయసులో మాస్టారు నేల మీద చతికిలబడి, జిగురు పూస్తూ, వరసకూ వరసకూ సందు లేకుండా తాడు బిగిస్తుంటే ముచ్చటేసింది.

పేచీ పై పీట దగ్గర వచ్చింది. ఐదడుగుల ఎత్తున, కిటికీ పక్కన పెడదామన్నాను. అక్కడైతే పావురాలను చూస్తూ పూటలు గడిపేస్తుంది. ఆయన వినలేదు. టేపు తీసుకెళ్లి పిన్నిగారి పడక్కుర్చీ కొలిచారు. పక్షవాతం వచ్చాక ఆవిడ పగలంతా అందులోనే ఉంటారు. పీటను గోడవార, ఆ కుర్చీ పక్కనే, సరిగ్గా ఆవిడ భుజం ఎత్తులో బిగించమన్నారు.

"పిన్నిగారికి తోడుగా ఉంటుందనా? అది ఎలాగూ ఆవిడ ఒళ్లోకే వస్తుందిగా మాస్టారూ! కిటికీ దగ్గరైతే దానికి కాలక్షేపం. ఇక్కడ చూడ్డానికి ఏముంది?"

ఆయన స్క్రూ తిప్పడం ఆపలేదు.

"అమ్మాయి వీడియో కాల్ చేసిందంటే ఫోను పిల్లి వైపు తిప్పమంటుంది బాబూ. ఇక్కడైతే, దాన్ని చూసినంతసేపూ పక్కన వాళ్లమ్మ కూడా కనబడుతుంది."