సర్కారు వారి జట్కా

హార్నెస్ రేసింగ్ అంటే మన మలక్‌పేట పందేలు కావు. మలక్‌పేటలో జాకీ గుర్రమెక్కుతాడు. హార్నెస్ పందెంలో డ్రైవరు గుర్రం వెనకాల, రెండు చక్రాల తేలికపాటి బండి మీద, కాళ్లు బారజాపుకుని, సరిగ్గా తోకకు ఎదురుగా మొహం పెట్టి కూర్చుంటాడు. గుర్రం ఎంత వేగంగానైనా పోవచ్చు గానీ దౌడు తీయకూడదు. అడుగు తప్పి దౌడందుకుందో, కళ్లెం లాగి దారిలో పెట్టాల్సిందే. ఈలోపు వెనకవాళ్లు ముందుకెళ్లిపోతారు. ఈ క్రమశిక్షణంతా గుర్రానికే గానీ దాన్ని పోషించే ప్రభుత్వానికి వర్తించదని కెనడాలోని ఒంటారియో రాష్ట్రం రుజువు చేసింది.

1998లో అక్కడి సర్కారుకు స్లాట్ మిషన్లు పెట్టాలని బుద్ధి పుట్టింది. ఊళ్లో జూదశాల అంటే జనం ఊరుకోరు. రేసు కోర్సులో అయితే జూదం ఎప్పట్నుంచో ఉన్నదే, అడిగేవాడు లేడు. మిషన్లు దిగాయి. రాబడిలో నూటికి డెబ్బై ఐదు సర్కారుకు, పది కోర్సు యజమానికి, పది గుర్రాలవాళ్లకు, ఐదు మునిసిపాలిటీకి. గుర్రాల మీద కాసే చేతులు మిషన్ల వైపు మళ్లుతాయని తెలిసే ఆ వాటా ఇచ్చారు.

పద్నాలుగేళ్లు గడిచేసరికి ఆ వాటాకు ‘సబ్సిడీ’ అని పేరు పడింది. 2012 ఫిబ్రవరిలో డాన్ డ్రమ్మండ్ కమిషన్ పొదుపు మంత్రం చదివింది. గుర్రాలకు పోతున్నది ఏటా 34.5 కోట్ల డాలర్లు. ఆసుపత్రులు కావాలా, గుర్రాలు కావాలా అని సర్కారు గొంతు చించుకుంది. అలా అడిగితే గుర్రం కూడా ఆసుపత్రికే ఓటేస్తుంది! తన డెబ్బై ఐదు వంతుల ఊసు మాత్రం సర్కారు ఎత్తలేదు. 2013 మార్చి 31తో పథకానికి మంగళం పాడింది.

ఆర్థిక శాఖకు బొత్తిగా తెలియని లెక్క ఒకటుంది. గుర్రం పదకొండు నెలలు మోస్తుంది. 2011 వసంతంలో చూడి కట్టిన గుర్రం 2012 వసంతంలో ఈనింది. పిల్ల పందెంలో దిగాలంటే రెండేళ్లు నిండాలి, అంటే 2014. కడుపులో పడినప్పుడున్న పథకం అది బండి లాగే వేళకు లేదు. తల్లి కడుపులోంచి బడ్జెట్ ప్రసంగం వినే వీలు దానికెక్కడిది? విన్న మనుషులకూ ఒరిగిందేమీ లేదు. లాయంలో పేడ ఎత్తేవాడూ, నాడాలు కొట్టేవాడూ, ఎండుగడ్డి అమ్మే రైతూ చేతులు కట్టుకుని నిలబడ్డారు. 1965 నాటి విండ్సర్ రేస్‌వే గడువు దాకా కూడా ఆగలేదు. 2012 ఏప్రిల్ నెలాఖరుకే మిషన్లు ఆపేశారు, ఆగస్టులో కోర్సే మూతపడింది.

సమస్య వస్తే కమిటీ రావాలి కదా. వచ్చింది. ముగ్గురు మాజీ మంత్రులు, మూడు వేర్వేరు పార్టీలు. మూడు పార్టీలు ఒక్క మాట మీద నిలబడటం కోసమైనా అప్పుడప్పుడు గుర్రాలను ఇబ్బంది పెట్టాలి! ప్రజాధనం లేకపోతే ఈ పందేలు బతకవని వాళ్లు తేల్చారు. దాణా వేయకపోతే గుర్రం చిక్కిపోతుందని చెప్పడానికి ముగ్గురు మంత్రులు కావాల్సి వచ్చింది.

2013లో ముఖ్యమంత్రి పీఠంతోపాటు వ్యవసాయ శాఖనూ తన దగ్గరే ఉంచుకున్న క్యాథలీన్ విన్, ఐదేళ్లకు 40 కోట్ల డాలర్లన్నారు. మరుసటి ఏడాది అది 50 కోట్లయింది. 2019కల్లా ఏటా 10.5 కోట్ల దాకా, గరిష్ఠంగా 19 ఏళ్లపాటు ఇచ్చే ఒప్పందం ఖాయమైంది. దీని పేరు సుస్థిరాభివృద్ధి. ముందు కూలగొట్టి, కూలిందేమో చూడమని కమిటీ వేసి, మూడో వంతు డబ్బుతో నిలబెట్టి, ఆ నిలబడ్డదాన్ని సుస్థిరం అనడం.

మన దగ్గర పందేల మీద జీఎస్టీ 28 నుంచి 2025లో 40 శాతానికెక్కింది. ‘మన గుర్రం సర్కారును మోస్తోంది, అక్కడ సర్కారే గుర్రాన్ని మోస్తోంది’ అని కుళ్లుకోనక్కర్లేదు. అక్కడా మొదట మోసింది గుర్రమే. మిషన్లకు ఊళ్లో చోటు దొరకనప్పుడు వాటిని వీపున ఎక్కించుకుంది అదే. పథకం రద్దయ్యాక చాలా కోర్సుల్లో మిషన్లు అద్దె కట్టి దర్జాగా అక్కడే ఉండిపోయాయి. గుర్రం మాత్రం అర్జీ పట్టుకుని సెక్రటేరియట్ మెట్లెక్కింది.

రేపెవరైనా వచ్చి ఈ పందెంలో దేని మీద కాస్తావంటే నేను మిషన్ పేరే చెబుతాను. 1998 నుంచి ఇంతవరకు ఓడనిది అదొక్కటే. పైగా దాణా ఖర్చు లేదు.